పాత ట్యాబ్ లోపలికి రానివ్వట్లేదా? రీసెట్ జోలికి మాత్రం వెళ్లకండి!

"ఒరేయ్ చిన్నా, ట్యాబు తగలడింది. పాస్‌వర్డు తప్పంటోంది. పదకొండుసార్లు కొట్టాను."

పొద్దున్న తొమ్మిదింటికి పిన్ని ఫోన్. నేను కూకట్‌పల్లిలో ఆఫీసుకి బయల్దేరుతున్నాను. వెనకాల కుట్టుమిషన్ చప్పుడు లేదు. అంటే విషయం సీరియస్సే.

మా పిన్నికి తణుకులో చిన్న టైలరింగ్ షాపుంది. జాకెట్లు, ఫాల్స్, పికో, మగ్గం వర్కు. షాపు మొత్తం ఒక 7 అంగుళాల పాత ట్యాబ్ మీద నడుస్తుంది. 2015లో కొన్నది, ఆండ్రాయిడ్ 5.1. అందులో గూగుల్ కీప్‌లో ఒక్కో కస్టమర్‌కి ఒక్కో నోటు: మెడ లోతు, చంక, చేతి పొడవు, నడుము, డెలివరీ తేదీ, ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఎంత బాకీ. ఆ అకౌంటు తెరిచిపెట్టింది నేనే, ఇంటర్ చదివే రోజుల్లో. "పుస్తకంలో ఎందుకు పిన్నీ, ఇందులో అయితే పోదు" అని డైలాగు కూడా కొట్టాను.

ఇప్పుడేమో శ్రావణమాసం. ఇంకో మూడు రోజుల్లో వరలక్ష్మీ వ్రతం. జాకెట్లన్నీ కత్తిరించాలి. కొలతలన్నీ ట్యాబులో ఉన్నాయి.

"పక్క సెల్లు షాపుకి తీసుకొచ్చా. ఈ అబ్బాయి ఏదో కొట్టేద్దామంటున్నాడు, నువ్వు మాట్లాడు" అని ఫోన్ అతనికిచ్చింది. "ఆయ్, రీసెట్ కొట్టేద్దామండి. కొత్తదాన్లా అయిపోద్ది. మూడొందలు" అన్నాడతను. గుండె ఆగినంత పనైంది. "బాబూ, దాన్ని ముట్టుకోకు. మా పిన్నికి ఇచ్చెయ్" అన్నాను. రాత్రి బస్సుకి టికెట్ బుక్ చేశాను.

తప్పు ఎవరిదో బస్సులో తెలిసింది

నిద్రపట్టక పిన్ని అకౌంట్‌ని నా ఫోన్లో తెరిచి చూశాను. (అవసరానికి పనికొస్తుందని నా ఫోన్లోనూ లాగిన్ చేసి ఉంచాను.) కీప్ బాగానే తెరుచుకుంది. పాత నోట్లన్నీ ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. చివరి నోటు తేదీ చూశాక ఆ హమ్మయ్య కాస్తా ఎగిరిపోయింది. అది మూడు వారాల కిందటిది. ఆషాఢం సేల్‌లో కొన్న చీరలకి జాకెట్లు కుట్టమని జనం వచ్చి పడ్డది ఆ తర్వాతే. ఆ కొలతలొక్కటీ లేవు.

మూడు వారాల కిందట ఏం జరిగింది? పాస్‌వర్డు మార్చాను. నేనే! ఏదో కొత్త కంప్యూటర్లో అకౌంట్ తెరిచారని అలర్ట్ వస్తే కంగారుపడి మార్చేశాను. తీరా చూస్తే ఆ కొత్త కంప్యూటర్ ఆఫీసువాళ్లు నాకిచ్చిన లాప్‌టాపే. పిన్నికి ఒక్క మాట కూడా చెప్పలేదు.

పాస్‌వర్డు మారిస్తే సాధారణంగా మిగతా పరికరాల్లో అకౌంట్ బయటికొచ్చేస్తుంది. కానీ ట్యాబులో ఆ సంగతి పెద్దగా కనపడదు. మళ్లీ సైన్ ఇన్ చెయ్యమని పైన ఒక చిన్న నోటిఫికేషన్ వస్తుంది, అంతే. పిన్ని దాన్ని వేలితో పక్కకి తోసేసి పని చేసుకుంటూ పోయింది. కీప్ తెరుచుకుంటుంది, రాసింది రాసినట్టు కనిపిస్తుంది. అది ట్యాబులోనే ఉండిపోతోందనీ, గూగుల్ సర్వర్‌కి చేరట్లేదనీ ఆవిడకెలా తెలుస్తుంది?

అంటే మూడు వారాల కొలతలు ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క ట్యాబులోనే ఉన్నాయి. రీసెట్ కొడితే పోయేవే. రీసెట్టే అక్కర్లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంట్ తీసేసి మళ్లీ పెడదాం అనుకున్నా పోతాయి, ఎందుకంటే అకౌంట్‌తో పాటు దాని తాలూకు సర్వర్‌కి చేరని నోట్లు కూడా వెళ్లిపోతాయి. "ఒకసారి రిమూవ్ చేసి యాడ్ చెయ్" అని మనం ఎంత తేలిగ్గా సలహా ఇచ్చేస్తామో గుర్తొచ్చి చెమట పట్టింది.

ముందు కెమెరా, తర్వాతే రిపేరు

తణుకులో దిగగానే కాఫీ కూడా తాగకుండా ట్యాబ్ తీశాను. వైఫై జోలికి పోలేదు, పాస్‌వర్డు జోలికి పోలేదు. కీప్ తెరిచి, నా ఫోన్‌తో ఒక్కో నోటుకి ఫొటో తీసుకుంటూ పోయాను. మొత్తం 41 నోట్లు. పొడుగువాటికి రెండేసి ఫొటోలు. ట్యాబులోనే స్క్రీన్‌షాట్ తీయొచ్చు కదా అంటారేమో. తీస్తే అవి కూడా ఆ ట్యాబులోనే కదా ఉండేది! డిజైన్ల ఫొటోలు మాత్రం యూఎస్‌బీ కేబుల్‌తో నా లాప్‌టాప్‌లోకి లాగేశాను.

పిన్ని పక్కన నిలబడి "ఇప్పుడు బాగవుతుందా?" అంది.

"బాగవకపోయినా నీ కొలతలు పోవు" అన్నాను. అప్పుడు కాఫీ ఇచ్చింది.

ఇక అసలు పని. నా ఫోన్లో కొత్త పాస్‌వర్డు ఉంది కాబట్టి ట్యాబులో అది కొడితే అయిపోవాలి. కొట్టాను. సర్వర్‌తో సంబంధం కుదరట్లేదు, తర్వాత ప్రయత్నించండి అంది. క్రోమ్ తెరిస్తే ఏ సైటుకెళ్లినా మీ కనెక్షన్ సురక్షితం కాదు అంటూ ఎర్ర బొమ్మ. వైఫై బాగానే ఉంది, నా ఫోన్లో అదే వైఫైతో అన్నీ వస్తున్నాయి.

ఒక పది నిమిషాలు బుర్ర గోక్కున్నాక స్క్రీన్ మూల చూశాను. జనవరి 1, 2015.

మొన్న కరెంటు పోయి ట్యాబ్ ఛార్జింగ్ సున్నాకి పడిపోయిందట. పాత బ్యాటరీ పూర్తిగా చచ్చి లేస్తే కొన్ని ట్యాబులు తేదీ మర్చిపోతాయి. మొదట తయారైన ఏడాదికో, 1970కో వెళ్లి కూర్చుంటాయి. సిమ్ లేని ట్యాబ్‌కి టైము చెప్పే టవర్ కూడా ఉండదు. సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌కి వెళ్లి, ఆటోమేటిక్ తీసేసి, ఇవాళ్టి తేదీ చేత్తో పెట్టాను. టైమ్ జోన్ భారతదేశానికి మార్చాను. ట్యాబ్ ఆపి మళ్లీ వేశాను.

ఎర్ర బొమ్మ మాయం.

తేదీకీ సైన్ ఇన్‌కీ ఏంటి సంబంధం అంటే, సురక్షితమైన ప్రతి వెబ్‌సైటూ మన పరికరానికి ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుంది అని ఉంటుంది. 2015లో కూర్చున్న ట్యాబుకి, ఈ ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. చెల్లదు పొమ్మంటుంది. పాస్‌వర్డు ఎంత కరెక్టుగా కొట్టినా అది అవతలికి వెళ్తే కదా! ఆథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే ఆరు అంకెల కోడ్ కూడా గడియారం మీదే ఆధారపడుతుంది. టైము కొన్ని నిమిషాలు తప్పినా ఆ కోడ్ పనిచెయ్యదు.

ఇప్పుడు ఆ పాత నోటిఫికేషన్ కోసం చూశాను. అకౌంట్ తీసెయ్యలేదు. మళ్లీ సైన్ ఇన్ చెయ్యమన్న చోటే నొక్కి కొత్త పాస్‌వర్డు కొట్టాను. నా ఫోన్లో "మీరేనా?" అని వచ్చింది. అవునన్నాను. ట్యాబులో కీప్ పైన గుండ్రం బాణం తిరగడం మొదలైంది. నా ఫోన్లో ఒక్కొక్కటిగా నోట్లు వచ్చి పడుతుంటే పిన్ని వేలు పెట్టి లెక్కపెట్టింది. 41.

అందరి ట్యాబూ ఇంత తేలిగ్గా లొంగదు

మాది 5.1 కాబట్టి బతికిపోయాం. ఇంకా పాతదైతే కథ వేరు. ఆండ్రాయిడ్ 2.3.7, అంతకంటే పాతవాటిలో గూగుల్ అకౌంట్ సైన్ ఇన్‌ని 2021 సెప్టెంబర్ 27 నుంచి పూర్తిగా ఆపేశారు. మీ అన్నయ్యో అక్కో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఆకాశ్ ట్యాబ్ అని ఊదరగొట్టారు గుర్తుందా? 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో కపిల్ సిబల్ విడుదల చేసిందే. అది వచ్చింది ఆండ్రాయిడ్ 2.2తో. అటక మీద నుంచి దింపి ఎంత తుడిచినా అందులో అకౌంట్ ఇక ఎక్కదు. దానికి రిపేరు లేదు, ఎవరైనా చేస్తానని డబ్బులడిగితే ఇవ్వకండి.

4.4 కిట్‌క్యాట్‌కి గూగుల్ ప్లే సర్వీసెస్ కొత్త అప్‌డేట్లు 2023 ఆగస్టుతో ఆగాయి. వాట్సాప్ అయితే 2025 జనవరి 1 నుంచి 5.0 కంటే పాతవాటిని వదిలేసింది. క్రోమ్ కూడా అంతే. కిట్‌క్యాట్‌కి 81, లాలిపాప్‌కి 95 చివరి వెర్షన్లు. ఇవి మొరాయిస్తే తప్పు మీ పాస్‌వర్డుది కాదు. ఎన్నిసార్లు మార్చినా ఫలితముండదు, పైగా మార్చిన ప్రతిసారీ మిగతా పరికరాల్లోంచి కూడా బయటికొస్తారు. మా పిన్నికి జరిగిందదే.

కొన్ని ట్యాబుల్లో తమాషాగా ఉంటుంది. గూగుల్ తెరుచుకుంటుంది, యూట్యూబ్ తెరుచుకుంటుంది, చిన్నచిన్న సైట్లు, కాలేజీ పోర్టల్స్ మాత్రం తెరుచుకోవు. తేదీ కూడా కరెక్టే. ఇది వాచ్‌మన్ సమస్య. మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర 2015 నాటి ఓనర్ల లిస్టు ఉందనుకోండి. తర్వాత ఫ్లాట్ కొన్నవాళ్లు ఎవరొచ్చినా గేటు తియ్యడు. ట్యాబులోనూ ఎవరి సంతకాన్ని నమ్మాలో ఒక లిస్టు ఉంటుంది. పాత ఆండ్రాయిడ్‌లో ఆ లిస్టు మారాలంటే సిస్టమ్ అప్‌డేట్ రావాల్సిందే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఎన్నో వెబ్‌సైట్లకి ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తుంది. దాని సొంత సంతకం ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత పరికరాల లిస్టులో లేదు. వేరే సంస్థ సంతకంతో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. ఆ ఏర్పాటు 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది. అప్పటిదాకా పనిచేసిన సైటు ఒక్కసారిగా ఆగిపోయిందంటే కారణం ఇదే కావొచ్చు. ఫైర్‌ఫాక్స్ మాత్రం ట్యాబు లిస్టు మీద ఆధారపడదు, తన లిస్టు తానే తెచ్చుకుంటుంది. మీ ట్యాబులో ముందే ఉంటే అందులో ప్రయత్నించండి, చాలాసార్లు గేటు తెరుచుకుంటుంది.

తేదీ సరిచేశాక కూడా ప్లే స్టోర్ సైన్ ఇన్ అవ్వకపోతే, యాప్స్ లిస్టులో ప్లే స్టోర్‌కి వెళ్లి అప్‌డేట్స్ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి, క్యాష్ క్లియర్ చెయ్యండి. ప్లే సర్వీసెస్‌కీ క్యాష్ క్లియర్ చెయ్యండి. కానీ నోట్లూ ఫొటోలూ ఉన్న యాప్‌కి "క్లియర్ డేటా" కొట్టొద్దు. క్యాష్ అంటే చిత్తు కాగితాలు, డేటా అంటే బీరువా. పక్కపక్కనే బటన్లు పెట్టినవాడికి దండం పెట్టాలి.

రీసెట్ అంటే నాకెందుకంత భయమంటే, డేటా పోవడం ఒక్కటే కాదు. ఆండ్రాయిడ్ 5.1 నుంచి దొంగల కోసం ఒక తాళం పెట్టారు. బటన్లు నొక్కి పట్టుకుని రీసెట్ కొడితే, ట్యాబ్ లేచాక అంతకుముందున్న అకౌంటే అడుగుతుంది. అది గుర్తులేకపోతే మీ ట్యాబుకి మీరే దొంగ. పాస్‌వర్డు ఈమధ్యే మార్చి ఉంటే రీసెట్‌కి ముందు 24 గంటలు ఆగమని గూగుల్ కూడా చెబుతుంది. ఆ తాళం పగలగొడతామని ఎక్కడెక్కడివో ఫైళ్లు ఎక్కించేవాళ్లుంటారు. ఆ ఫైల్లో ఇంకేముందో ఎవరికి తెలుసు?

మాస్టారి ఐప్యాడ్ కథ

నేనొచ్చానని తెలిసి పక్కింటి మాస్టారు వచ్చారు. రిటైరయ్యారు. చేతిలో మొదటి తరం ఐప్యాడ్ మినీ, 2012 నాటిది. న్యూజెర్సీలో ఉన్న కొడుకు పంపింది. "బాబూ, ఇదీ అదే జబ్బేమో చూడవయ్యా" అన్నారు.

అది ఐఓఎస్ 9.3.5 దగ్గర ఆగిపోయింది, ఇక ముందుకెళ్లదు. ఆపిల్ ఐడీ పాస్‌వర్డు ఆయన డైరీలో రాసుకున్నారు, కరెక్టే. కొడితే తప్పంటోంది.

"అప్పుడు మీ అబ్బాయికి ఫోన్లో ఏమైనా నంబరు వస్తోందామ్మా?" అని వాళ్లావిడని అడిగాను.

"వస్తోంది బాబూ. ఆరంకెలది. వాడు చెబుతాడు కానీ, ఇందులో కొట్టడానికి చోటేదీ?"

అదే చిక్కు. కొత్త పరికరాల్లో కోడ్ కోసం వేరే గడి వస్తుంది. పాత సాఫ్ట్‌వేర్‌కి ఆ గడి చూపించడం రాదు. ఒక్క పాస్‌వర్డు గడే ఉంటుంది. చెయ్యాల్సిందల్లా, ముందు ఉత్త పాస్‌వర్డు కొట్టాలి, తప్పంటుంది. కానీ ఆ దెబ్బకి అవతల ఫోన్‌కి కోడ్ వెళ్తుంది. ఇప్పుడు పాస్‌వర్డు మళ్లీ కొట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా దాని తోకకి ఆ ఆరంకెలూ తగిలించాలి.

అప్పుడు మనకి పొద్దున్న పదిన్నర. న్యూజెర్సీలో రాత్రి ఒంటిగంట. "వాణ్ణి లేపొద్దు, సాయంత్రం చూద్దాం" అన్నారు మాస్టారు. నెలన్నరగా ఆగిన మనిషికి ఎనిమిది గంటలు లెక్క కాదు. సాయంత్రం ఆరున్నరకి కొడుకు ఆఫీసుకెళ్తూ కోడ్ చదివాడు. మాస్టారే స్వయంగా ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టారు. తెరుచుకుంది. అప్పుడే కొడుకుతో మాస్టారి ఫోన్ నంబర్ కూడా ఆ అకౌంట్లో నమ్మకమైన నంబరుగా చేర్పించాను. ఇకమీదట కోడ్ తణుకులోనే వస్తుంది.

ఆయన జీమెయిల్ కూడా ఆగి ఉంది. ఉత్త పాస్‌వర్డుతో లోపలికొచ్చే పాత పద్ధతిని గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత అకౌంట్లకి ఆపేసింది. దానికి దారి యాప్ పాస్‌వర్డు. ఫోన్లో గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నాక 16 అక్షరాల పాస్‌వర్డు ఒకటి పుట్టించుకోవచ్చు. ఐప్యాడ్ మెయిల్‌లో గూగుల్ అని కాకుండా "అదర్" అని ఎంచుకుని అది కొట్టాలి. కొట్టాం. ఆ రాత్రి మాస్టారింటి నుంచి పులిహోర వచ్చింది.

ఐప్యాడ్‌లో యాప్‌లు దిగకపోతే ఒక చిట్కా. అంతకుముందు కొన్న, దింపుకున్న యాప్ అయితే ఆప్ స్టోర్‌లో పర్చేజ్డ్ లిస్టులోకి వెళ్లి నొక్కండి. మీ ఐప్యాడ్‌కి సరిపోయే చివరి పాత వెర్షన్ ఇవ్వమంటారా అని అడగొచ్చు. సెర్చ్ నుంచి వెళ్తే చాలాసార్లు కుదరదనే అంటుంది.

పిన్ని పెట్టిన రూలు

ఇంత కష్టపడి బతికించాం కదా అని ఆ ట్యాబులో ఫోన్‌పే, బ్యాంకు యాప్ పెడదామంది పిన్ని. వద్దన్నాను. ఏళ్ల తరబడి సెక్యూరిటీ అప్‌డేట్ లేని పరికరం అది. కొలతలకి చాలు. అందుకే షాపుకి విడిగా ఒక జీమెయిల్ ఉండటం మంచిదైంది, డబ్బులకి సంబంధించిందేదీ దానికి తగిలించలేదు. ఆ అకౌంట్‌కి బ్యాకప్ కోడ్లు పది తీసి కాగితం మీద రాశాను. ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒకేసారి పనిచేస్తుంది. రికవరీ నంబర్ చూస్తే నా ఇంటర్ రోజుల సిమ్‌ది. ఆ సిమ్ ఎప్పుడో పోయింది, ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో దేవుడికెరుక. పిన్ని నంబరుకి మార్చాను. మీరూ ఇవాళ ఒకసారి అమ్మావాళ్ల అకౌంట్లలో ఏ నంబరుందో చూడండి. రెండేళ్లు అసలు వాడని అకౌంట్లని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి తొలగిస్తోంది కాబట్టి, అటక మీద ట్యాబులో చిన్నప్పటి ఫొటోలు ఏదైనా అకౌంట్లో ఉన్నాయనుకుంటే ముందు ఫోన్లోంచి అందులోకి వెళ్లిరండి. ట్యాబు సంగతి తర్వాత.

పిన్ని మాత్రం నా మాటలన్నీ విని, బీరువాలోంచి 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తీసింది. 41 కొలతలూ అందులో ఎక్కించింది. బ్యాకప్ కోడ్ల కాగితం దాని అట్ట లోపల అంటించింది.

"ఇకనుంచి రెండిట్లో రాస్తా. నువ్వు పాస్‌వర్డు మార్చే ముందు నాకు ఫోన్ చెయ్యి. మార్చాక కాదు, ముందు" అంది.

నేను సారీ చెప్పాను. ఆవిడ వినలేదు, అప్పటికే మిషన్ తొక్కుతోంది. శుక్రవారం పొద్దుటికి ఇంకా 26 జాకెట్లు ఉన్నాయి. హుక్కులు కుట్టడం నాకొచ్చు, కూర్చున్నాను.